మూడు వరసల అల్లుడు

శుక్రవారం పొద్దున ఆర్డిస్ టెస్కే రెండే పనులు పెట్టుకుంది. చర్చి ఆడవాళ్ల మీటింగుకి గుమ్మడికాయ బార్లు, అంటే పలకలుగా కోసే కేకు, చెయ్యడం ఒకటి. కూతురు జోలీన్‌ని చేసుకోబోయేవాడి పేరు కోర్టు వెబ్‌సైటులో కొట్టి చూడడం రెండోది. మొదటిదాన్ని ఓవెన్‌లోకి తోసి, అది కాలేలోగా రెండోది ముగిద్దామని ఫోను తీసుకుంది.

విస్కాన్సిన్‌లో దీన్ని తప్పనరు, ముందుజాగ్రత్త అంటారు. రాష్ట్రంలో ఏ మూల ఎవరి మీద కేసు పడినా, ఆ సైటులో పేరు కొడితే ఊరికే కనిపిస్తుంది. కొత్త పాస్టరు వచ్చినా, కొత్త పళ్ల డాక్టరు వచ్చినా ఊరు ముందు అక్కడే చూస్తుంది, ఆ తర్వాతే చెయ్యి కలుపుతుంది. జోలీన్ మొదటి పెళ్లికి మాత్రం ఆర్డిస్ చూడలేదు. చూసి ఉంటే ఆ తాగుబోతు గడప తొక్కేవాడు కాదు. అతనితో కష్టాలు పడి నవ్వడం మరిచిపోయిన పిల్ల, నలభయ్యో ఏట గారెట్ నైహస్ అనే వడ్రంగి పుణ్యమా అని మళ్లీ నవ్వుతోంది. ఆ నవ్వు ఈసారి పోకూడదు. తల్లికి కావలసింది అంతే.

పేరు కొట్టింది. మూడు వరసలు వచ్చాయి.

మొదటి వరస: మద్యం మత్తులో వాహనం నడుపుట. రెండోది: రక్తంలో మద్యం హద్దు మీరి ఉండగా వాహనం నడుపుట. మూడోది: రోడ్డు మీద గీత దాటుట. తేదీల గడి కుడి చివర ఉంటుంది. ఆమె చిన్న ఫోనులో అది తెర అవతలే ఉండిపోయింది. మూడుసార్లు దొరికాడనీ, మూడోసారి రుజువు చెయ్యలేక గీత దాటాడని సరిపెట్టారనీ ఆర్డిస్ తేల్చేసుకుంది.

అక్కడితో ఆగక శిక్షల పేజీ తెరిచింది. మొదటిసారికి జరిమానా, ఆరు నెలల పైచిలుకు లైసెన్సు రద్దు. దాన్ని ఈ రాష్ట్రం నేరమని కూడా అనదు. రెండోసారి నుంచి నేరం, జైలు. మూడోసారికి తక్కువలో తక్కువ నెలన్నర లోపల ఉండాలి. ఇంకొక్కసారి దొరికితే అంతే. జూన్‌లో పెళ్లి. పెళ్లికొడుకు ఏ జైలు నుంచి రావాలో అని లెక్కలు వేసుకుంది. ఈలోగా బార్లు మాడిపోయాయి.

షెడ్డులో, చేపలు పట్టడానికి గడ్డకట్టిన చెరువుకి కన్నం పెట్టే బర్మా విప్పుకుని కూర్చున్న మొగుడు డెల్మర్‌కి సంగతి చెప్పింది. అతను నట్టు బిగిస్తూనే విన్నాడు.

"ఒకటంటే మనూళ్లో లెక్కలోకి రాదే. మూడంటే కొంచెం ఎక్కువే," అన్నాడు.

"కొంచెమా? ఇవాళ సాయంత్రం సప్పర్ క్లబ్బులో వాళ్లతో భోజనం కదా, అక్కడ వాడి గొంతులో చుక్క దిగకూడదు. తన పికప్పు ట్రక్కు వాడు నడపకూడదు. జోలీన్‌కి మాత్రం చెప్పకు, మళ్లీ ఏడుస్తుంది."

అంతటితో ఊరుకుంటే కథ ఇంట్లోనే ఉండేది. తాగి జోలీన్‌ని ఎక్కించుకుని తోలడం కంటే పట్టుబడడమే నయమనుకుని ఆర్డిస్ షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేసింది. ఎత్తినవాడు డెప్యూటీ ట్రెవర్, ఆమె ఆదివారం బడిలో పది ఆజ్ఞలు నేర్చుకున్నవాడు. సాయంత్రం సప్పర్ క్లబ్బు నుంచి ఒక ఆకుపచ్చ పికప్పు బయటికొస్తే ఆపమని చెప్పింది.

"నడిపేది ఎవరు, టీచరమ్మా?"

"ఎవరైతే నీకెందుకు? తాగే ఉంటారు. ఆపు."

సాయంత్రం అయిదు కాకముందే సప్పర్ క్లబ్బు కిటకిటలాడుతోంది. శుక్రవారం కదా, వేపుడు చేపల కోసం ఊరంతా అక్కడే. బల్ల ఖాళీ అయ్యేదాకా బారు దగ్గర నిలబడాలి. పెళ్లి కబురు అప్పటికే పాకిపోయింది. ఎవరికైనా పెళ్లి కుదిరితే బ్రాందీ ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే తీపి కాక్‌టెయిల్ ఒకటి పంపడం, పంపింది కాదనకపోవడం అక్కడి మర్యాద. గారెట్ ముందుకి మొదటి గ్లాసు వచ్చింది. చెర్రీ పండుతో సహా.

అతను దాన్ని చూసి ఇబ్బందిగా కదిలాడు. అది తాగాలన్న తహతహ అనుకుంది ఆర్డిస్. "నాకు దాహంగా ఉంది బాబూ," అని లాక్కుని తాగేసింది. రెండోది ఊరి పాలవాడు పంపాడు. అదీ ఆమే తాగింది. మూడోది వచ్చేసరికి గారెట్ తనే గ్లాసు మెల్లగా ఆమె వైపు జరిపాడు, మహా ఉపకారం పొందినవాడిలా. నాలుగోది ఎవరు పంపారో ఆమెకి తెలియదు.

"అమ్మా, ఏమైంది నీకివాళ?" అని జోలీన్ చెవిలో అడిగింది.

"నీకోసమే," అంది ఆర్డిస్ కళ్లు తుడుచుకుంటూ. జోలీన్‌కి ఏమీ అర్థం కాలేదు. డెల్మర్ తన బీరులోకి చూస్తూ కూర్చున్నాడు.

చేపలు, ఆలూ అట్లు తినడం అయ్యాక గారెట్ లేచి బయటికి వెళ్లాడు. ఆ చలిలో బండి ముందుగా స్టార్టు చేసి, లోపల వేడెక్కేదాకా మళ్లీ వచ్చి కూర్చోవడం అందరూ చేసే పనే. అతను అదే చేసి, తిరిగొస్తూ తలుపు దగ్గర పాలవాడికి దొరికిపోయాడు. ఇంజను మోత విన్న ఆర్డిస్ మాత్రం అతను బండి తీస్తున్నాడనుకుంది. వంటింటి తలుపులోంచి బయటికి ఉరికింది.

పికప్పులో ఎవరూ లేరు. ఇంజను నడుస్తోంది, తాళం దానికే ఉంది. ఆ తాళం పీకి జేబులో వేసుకుంటే సరిపోయేది. నాలుగు బ్రాందీలు ఆ ఆలోచన రానివ్వలేదు. బండిని ఇంటికి తీసుకెళ్లి దాచెయ్యాలనిపించింది. ఎక్కింది, తోలింది, రోడ్డు గీత దాటింది, అవతలి మంచుదిబ్బలోకి మెత్తగా ముక్కు దూర్చింది.

పోస్టుపెట్టె వెనక కాపు కాసిన ట్రెవర్ ఎరుపు నీలం దీపాలు వేశాడు.

"టీచరమ్మా, మీరా?"

"నేను కాదురా, నేను చెప్పింది వేరే మనిషి గురించి."

"'ఎవరైతే నీకెందుకు, ఆపు' అని మీరే అన్నారు కదా," అన్నాడు ట్రెవర్ దిగులుగా. తిన్నగా నడవమన్నాడు. ఆమె తిన్నగానే నడిచాననుకుంది. గొట్టంలో ఊదమన్నాడు. అంకె చూసి టోపీ తీసి తల గోక్కున్నాడు.

క్లబ్బు మొత్తం చేతిలో గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. రక్తపరీక్ష అయ్యాక ఆమెని ఇంటికి చేర్చి, రాత్రంతా కనిపెట్టి ఉంటానని తాగనివాళ్లు ఎవరైనా సంతకం పెట్టాలన్నాడు ట్రెవర్. డెల్మర్ నేల చూశాడు. జోలీన్ తన వైన్ గ్లాసుని వెనక్కి దాచింది. ఊరి పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి ఒకే ఒక్క చెయ్యి లేచింది. గారెట్‌ది.

"నేను తాగను," అన్నాడు.

ఆర్డిస్‌కి దుఃఖం ఆగలేదు. "మూడుసార్లు పట్టుబడ్డావు, మూడు వరసలున్నాయి, నా కళ్లతో చూశాను," అంది అందరూ వింటుండగానే.

అతను కోప్పడలేదు. "ఒక్కసారేనండీ. పదకొండేళ్లయింది. తాగి నడిపినందుకో కాగితం, రక్తంలో అంకెకో కాగితం, గీత దాటినందుకో కాగితం. మొదటి రెండిట్లో ఒకటి తర్వాత కొట్టేస్తారు. వరస మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఆ రోజు నుంచి నేను ముట్టలేదు."

"కలిసిన మొదటిరోజే నాకు చెప్పాడమ్మా. నన్నడిగితే నేనే చెప్పేదాన్ని," అంది జోలీన్.

ట్రెవర్ కాగితాలు చింపి ఇచ్చాడు. తాగి నడిపినందుకొకటి. అంకెకొకటి. గీతకొకటి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే దారిలో ఆర్డిస్ మూడు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "ఇంత జరిగాక కూడా మా పిల్లని చేసుకుంటావా బాబూ?"

"చేసుకోకపోతే ఎలాగండీ? మీ లైసెన్సు పోతోంది. ఇంటికి ఒక డ్రైవరన్నా ఉండాలి కదా."

అన్నట్టే చేశాడు. కోర్టులో ఎక్కడ నిలబడాలో, కోర్టు పంపే మద్యం సలహాదారు అడిగేవాటికి నిజమే ఎందుకు చెప్పాలో, పనికి వెళ్లేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు ఆమెకెందుకు రాదో, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. జూన్‌లో పెళ్లికొడుకే అత్తగారిని చర్చికి దింపి, పక్క గుమ్మంలోంచి వెళ్లి బలిపీఠం ముందు నిలబడ్డాడు. జోలీన్ ఎంత నవ్విందంటే పాస్టరు ప్రమాణాలు మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది.

అయితే అంతకు చాలా ముందే, కేసు సైటులోకి ఎక్కిన వారమే, చర్చి ఆడవాళ్లు ఎవరి ఫోనులో వాళ్లు ఆర్డిస్ టెస్కే అని కొట్టి చూశారు. వాళ్ల ఫోన్లూ చిన్నవే. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు, ఆమె మళ్లీ చేసి తెచ్చిన గుమ్మడికాయ బార్లు మెచ్చుకుంటూ తిన్నారు.

ఇరవయ్యేళ్లుగా ఆర్డిస్ తాళం వేసి తీస్తున్న చర్చిలోని ప్రభు భోజనపు వైను బీరువాకి మాత్రం, ఆదివారం నాటికి కొత్త తాళం పడింది.