లచ్చన్న తొడలో ఖల్లివెల్లి ఇనుము

మనిషికి ఊపిరి ఎంత అవసరమో, దుబాయ్‌లో కఫీల్ అంత అవసరం. కఫీల్ అంటే మన పూచీ మోసే యజమాని. (మిగతా మోతంతా మనదే.) ఈ సూత్రం ఒంట్లోని ఇనుముకు కూడా వర్తిస్తుందని ఈ మధ్యే తేలింది. నవ్వేవాళ్లు నవ్వండి, రేపు మీ మోకాలికీ ఒక కఫీల్ వస్తాడు.

దుబాయ్ పక్కనే అజ్మాన్‌లో, కూలీల క్యాంపులో ఉండే లచ్చన్న స్నానాల గదిలో జారిపడ్డాడు. ఏనాడో సెలవు మీద పోయినప్పుడు జగిత్యాలలో తుంటి మార్పించుకున్నవాడు. తొడ ఎముక లోపల ఇనుప కాడ ఉంది. ఎముక సరిగ్గా ఆ కాడ చుట్టూనే పగిలింది. డాక్టర్ మూర్తి ఎక్స్‌రే చూసి సూటిగా చెప్పారు. కాడ గట్టిగా ఉంటే ప్లేటు పెట్టి తీగలతో బిగిస్తే చాలు. ఇది వదులైంది. పాతది లాగేసి, పగులు దాటి కిందికి దిగే పొడవాటిది వేయాలి. త్వరగా చేస్తే నడుస్తాడు, లేకపోతే మంచమే.

(ఇంత తేలిగ్గా అర్థమయ్యే మాటను బీమా ఆఫీసుకు పంపడమే డాక్టరు చేసిన తప్పు.)

బీమా కంపెనీలో 'శరీరాంతర్గత లోహాల విభాగం' అని ఒకటుంది. దాని ముదీర్, అంటే మేనేజరు, రత్నాకర్. మన గుంటూరాయనే. ఆయన రిపోర్టులో ఒక్క మాట దగ్గర ఆగారు: వదులైంది. అంటే పెట్టినచోట ఉండలేదు. పెట్టినవాళ్లకు చెప్పకుండా కదిలింది. పని వదిలి పారిపోయినవాణ్ని ఇక్కడ ఏమంటారో క్యాంపులో పిల్లికి కూడా తెలుసు. ఖల్లివెల్లి. ఇనుము మీద కేసు పడింది. పరారీలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు గనుక ఆపరేషన్ ఆగింది. పాత కఫీల్, అంటే జగిత్యాల ఆస్పత్రి, దాన్ని విడుదల చేస్తున్నట్టు రాసివ్వాలి. ఆ ఆస్పత్రి ఇప్పుడు ఫంక్షన్ హాల్. ఫోన్ చేస్తే పెళ్లి తేదీ అడిగారు.

రత్నాకర్ స్వయంగా వార్డుకొచ్చి ఇనుమును విచారించారు. (దాని తరఫున లచ్చన్న మాట్లాడాడు.)

"ఇది కదులుతోందని తెలిసి కూడా దాచావా?"

"ఇన్నేండ్లల్ల నేనే కఫీల్‌ను ఇడిచి ఒక్క దినం పోలే సార్. నా తొడల ఇనుము యాడికి పోతది? పోతె నన్ను గూడ తీస్కపోవాలె గద."

ఆఖరి వాక్యం 'కుమ్మక్కు' కింద నమోదైంది. అది అర అంగుళం కూడా జరగలేదని డాక్టర్ మూర్తి మొత్తుకున్నారు.

"సరిహద్దు దాటడానికి అంత కూడా అక్కర్లేదండీ," అన్నారు రత్నాకర్.

అదృష్టం కొద్దీ విభాగం లోహాలకు క్షమాభిక్ష ప్రకటించింది. పారిపోయిన ఇనుమంతా జరిమానా లేకుండా స్వదేశానికి పోవచ్చు. అయితే ఇక్కడే బయటికి తీసి పంపుతానన్నారు డాక్టరు. తీస్తే అది ఆపరేషన్ అవుతుంది. ఆపరేషన్‌కు అనుమతి లేదు. కనుక ఇనుము ఉన్నచోటే ఉండి ప్రయాణం చేయాలి.

"మరి నా బొక్క, సార్?" అన్నాడు లచ్చన్న, పగిలిన తొడ మీద చేయి వేసుకుని.

"దాని మీద ఏ కేసూ లేదయ్యా. నిశ్చింతగా ఉండు."

టికెట్ ఇనుము పేరు మీద వచ్చింది. లచ్చన్నను సామాను కింద రాశారు. తూకం దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. పడుకుని పడుకుని చిక్కిపోయి సామాను పరిమితిలోకి వచ్చేశాడు.