ఏడింటికి మొదటి పిలుపు

స్పెయిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ స్పానిష్ నేర్చుకోవాలనుకునే కొత్తవాళ్ళకు నాది ఒకటే సలహా. నేర్చుకోకండి!

ఈ పత్రిక చదివే పరదేశులు నెలనెలా నాకు ఉత్తరాలు రాస్తుంటారు. మంచి యాప్ ఏది, మంచి టీచరెవరు, ఆఫీసులో పనికొచ్చే మాటల పుస్తకం ఎక్కడ దొరుకుతుంది అని. ఐర్లండు నుంచి వచ్చి మాలగాలో తొమ్మిదేళ్ళుగా పాతుకుపోయినవాణ్ణి గనక, నాకు తెలియనిది ఉండదని వాళ్ళ నమ్మకం.

నిజమే, నా దగ్గర లేని సరంజామా లేదు. ఫోన్‌లో ఆరు యాప్‌లున్నాయి. ఫ్రిజ్ మీద ఫ్రిజ్ అని, తలుపు మీద తలుపు అని స్పానిష్‌లో చీటీలు అంటించాను. నాలుగేళ్ళపాటు ప్రతి గురువారం ఈ ఊరావిడ ఒకరితో భాషామార్పిడి చేశాను. అరగంట ఆవిడ ఇంగ్లీషు, అరగంట నా స్పానిష్ అని ఒప్పందం. ఆవిడకిప్పుడు డబ్లిన్‌లో ఉద్యోగం. ఇక 'స్పానిష్ నేర్చుకుందాం రండి' అనే వాట్సాప్ గ్రూపులో మూడు వేలమందిమి ఉన్నాం. ఇంతవరకు అందులో ఒక్క స్పానిష్ ముక్క పడలేదు.

మరి ఇన్ని ఉండీ భాష ఎందుకు రాలేదంటారా? రాకపోవడంలో ఉన్న సుఖం తెలిసింది గనక!

భాష రానివాడికి శత్రువులుండరు. ఏదో ఒకటి అంటగట్టాలని ఫోన్ చేసేవాళ్ళు నా గొంతు వినగానే వాళ్ళే క్షమాపణ చెప్పి పెట్టేస్తారు. ఎన్నికల రోజుల్లో బార్‌లో కుర్చీలు లేచినా నా కాఫీ కప్పు కదలదు. ఆఫీసులో మా మేనేజరు ఎవరినో తిడుతున్నాడని తెలుస్తుంది గాని, నన్నేనని తెలియదు. ఇంత మనశ్శాంతి ఏ మఠంలో దొరుకుతుంది చెప్పండి?

కావలసిందల్లా రెండు మాటలు. 'సీ, క్లారో.' అవును, తప్పకుండా అని అర్థం. ఈ రెండు మాటలతోనే నేను ఫ్లాటు కొన్నాను, పన్ను పీకించుకున్నాను, ఎవరిదో పెళ్ళిలో సాక్షి సంతకం కూడా పెట్టాను. వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు.

ఈ రెండు మాటల విలువ మా భవనంలో అందరికన్నా బాగా తెలిసినావిడ నాలుగో అంతస్తులో ఉండే దోన్యా అంగుస్తియాస్, అంటే అంగుస్తియాస్ అమ్మగారు. ఎనభై మూడేళ్ళు. తుంటి విరిగాక మూడేళ్ళుగా ఆవిడ వీధి మొహం చూడలేదు. మా భవనంలో డెబ్భై ఎనిమిది మెట్లున్నాయి, లిఫ్టు లేదు. రోజూ పొద్దున్నే ఆవిడ బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతారు. నేను అందులో రొట్టె పెడతాను. బుట్ట పైకి వెళ్తుంటుంది, ఆవిడ మాటలు కిందికి వస్తుంటాయి. నేను గంగిరెద్దులా తల ఊపుతూ 'సీ, క్లారో' అంటుంటాను. ఈ వీధి మొత్తం మీద చెప్పింది ఓపిగ్గా వినేవాణ్ణి నేనొక్కణ్ణేనని ఆవిడ అందరికీ చెప్పేవారట.

ఇక నా పదవి సంగతి. ఇక్కడ ప్రతి భవనానికీ ఫ్లాట్ల యజమానుల సంఘం, దానికి ఏటా ఒక అధ్యక్షుడు ఉంటారు. ఆ కిరీటం ఎవరికీ అక్కర్లేదు. సభ నోటీసులో రెండు పిలుపులుంటాయి, ఏడింటికి మొదటిది, ఏడున్నరకి రెండోది. మొదటి పిలుపుకు సగానికి పైగా ఇళ్ళవాళ్ళు, స్వయంగానో సంతకం పెట్టిన కాగితంతోనో, ఉంటేనే సభ. రెండో పిలుపుకు ఎందరుంటే అందరు చాలు. అందుకని ఏడింటికి పిట్ట కూడా రాదు. ఈ ముక్క నా ఆరు యాప్‌లలో ఒక్కటీ చెప్పలేదు.

ఎనిమిదేళ్ళపాటు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని సరిగ్గా ఏడింటికి దిగేవాణ్ణి. పోస్టు డబ్బాల పక్కన పావుగంట ఒంటరిగా నిలబడి, పాపం ఈ దేశంలో సభలంటే ఎవరికీ ఆసక్తి లేదు అనుకుంటూ పైకి వెళ్ళిపోయేవాణ్ణి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తొమ్మిదో ఏడు నేను పైకి వెళ్ళాక, ఏడున్నరకు దిగినవాళ్ళు నన్ను ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు.

నేను అధ్యక్షత వహించిన మొదటి సభ మార్చిలో జరిగింది. సంఘం లెక్కలూ కాగితాలూ చూసే బెలేన్ అనే ఆవిడ దయతలచి, ఏడున్నరకి రమ్మని చెప్పింది. మాట్లాడవలసింది ఒకటే విషయం, లిఫ్టు. ఎనిమిది ఫ్లాట్లలో ఐదు ఒప్పుకోవాలి. మొదటి అంతస్తులో ఉండే ఎవరిస్తో అనే పెద్దాయన లేచి గంటసేపు మాట్లాడారు. రిటైరైన మనిషి, గంభీరమైన గొంతు. ఏమన్నారో నాకు తర్వాత తెలిసింది.

"మా అమ్మమ్మ ఈ మెట్లెక్కే తొంభై రెండేళ్ళు బతికిందయ్యా. గొయ్యి తవ్వామా, గోడలు బీటలిస్తాయి. ఆ దుమ్మెవరు తింటారు? అయినా నాకెందుకు లిఫ్టు? నాలుగంగలేస్తే మా గుమ్మం."

ఆయనతో కలిపి ముగ్గురు వద్దన్నారు. అంగుస్తియాస్ గారు పంపిన కాగితంతో కలిపి నలుగురు కావాలన్నారు. మిగిలింది నేను. ఎవరిస్తో గారు నా భుజం మీద చెయ్యేశారు.

"మన ప్రెసిడెంటు గారు తెలివైనవారు. తొందరేముంది, వచ్చే ఏడు చూసుకుందాం అంటారు. అంతేగా సారూ?"

అందరూ నా వైపు చూశారు. నేను హుందాగా అన్నాను: "సీ, క్లారో."

కొందరు చప్పట్లు కొట్టారు. ఎవరిస్తో గారు బీరు ఇప్పించారు. తొమ్మిదేళ్ళలో నా స్పానిష్ ఒక సభకు సభే అర్థం చేసుకున్నది ఆ రోజే.

మర్నాడు పొద్దున బుట్ట దిగలేదు. రొట్టె పట్టుకుని తలెత్తి చూశాను. అంగుస్తియాస్ గారు బాల్కనీలో నిలబడి ఉన్నారు.

"నాయనా, లిఫ్టు మాటొస్తే నా వైపు చెయ్యెత్తుతావా అని మూడేళ్ళుగా రోజూ అడుగుతున్నా. రోజూ తప్పకుండా అన్నావు. నిన్న ఎవరిస్తోకీ అదే అన్నావట. భాష రాదని నాతో చెప్పకు. నీకు వచ్చు."

ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమైంది. అదే ఇబ్బంది. లిఫ్టు అనే మాట నాకు తెలియనిదా? ఆఫీసులో రోజూ ఎక్కేముందు ఆ తలుపు మీద చదువుతాను. సభలో పదిసార్లు విన్నాను. ఏమిటీ గొడవ అని ఒక్క ప్రశ్న వేసి ఉండొచ్చు. వేస్తే జవాబు వినాలి, విన్నాక ఏదో ఒకటి చెయ్యాలి. అర్థం కానట్టు కూర్చుంటే ఏ పనీ మీద పడదు. నాకు సిగ్గేసింది.

"ఇవాళ్టి నుంచి బుట్ట లేదు. రొట్టె నువ్వే పైకి తీసుకురా," అన్నారావిడ.

డెబ్భై ఎనిమిది మెట్లూ ఎక్కాను. ఆయాసం తగ్గకముందే పాఠం మొదలైంది.

"ముందు కాదనడం నేర్చుకో. నోరు తెరువు. ఊఁ, అను. అట్లా నీళ్ళు నమిలితే ఎవరు నమ్ముతారు?"

రెండు నెలలుగా రోజూ సాయంత్రం అదే బడి. ఫీజు ఒక రొట్టె. నడుమ ఒకరోజు, కిందికి దిగితే ముందు ఏం చేస్తారని అడిగాను. "బార్‌లో కూర్చుని ఒక కాఫీ తాగుతా. వాసన రోజూ పైకొస్తుంది. కప్పు బుట్టలో పెట్టి లాగితే సగం నాకు, సగం వీధికి," అన్నారు. అప్పుడే నేను మారాను, నా ఓటు మీదే అని కూడా చెప్పాను.

"నువ్వొక్కడివి మారితే చాలదు నాయనా. ఎవరిస్తో మళ్ళీ నోరు విప్పితే, పోయినసారే ఊగిసలాడిన మూడో అంతస్తు వాళ్ళు ఈసారి జారిపోతారు. వాడి ఉపన్యాసం ముందు ఎవరూ నిలవరు."

అందుకే అధ్యక్షుడి హోదాలో ప్రత్యేక సభ పిలిచాను. నోటీసు నేనే స్పానిష్‌లో రాశాను. పదకొండు తప్పులు ఆవిడ దిద్దారు. వచ్చే గురువారం, మొదటి పిలుపు ఏడింటికి, రెండోది ఏడున్నరకి. ఏడింటికి దిగే అలవాటు ఈ భవనంలో నాకొక్కడికే ఉందని అందరికీ తెలుసు. ఈసారి పైఅంతస్తుల మూడిళ్ళవాళ్ళు కూడా నాతో దిగుతున్నారు. అంగుస్తియాస్ గారి సంతకం పెట్టిన కాగితం నా జేబులో ఉంటుంది. ఎనిమిదిళ్ళలో ఐదు ఓట్లు. చేతులెత్తడానికి నాలుగు నిమిషాలు చాలు. ఏడున్నరకి ఎవరిస్తో గారు ఉపన్యాసంతో దిగుతారు. ఈసారి బీరు నాది.

ఇదంతా ముందే అచ్చువేస్తే ఆయన చదవరా అని కంగారుపడకండి. ఈ పత్రిక ఇంగ్లీషులో వస్తుంది. ఆయన ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, ఆయన ఫోన్‌లోనూ ఆరు యాప్‌లున్నాయి. అయినా నా మర్యాద నేను పాటించాలి కదా. నిన్న మెట్ల మీద ఈ వ్యాసం కాగితాలు ఆయన చేతిలో పెట్టి, "గురువారం ఏడింటికి ఇలా చేస్తున్నామండి, మీకేమీ అభ్యంతరం లేదు కదా?" అని ఇంగ్లీషులోనే అడిగాను.

ఆయన కాగితాలు తిరగేసి, నవ్వి, హుందాగా తల ఊపారు.

"యెస్, యెస్. ఆఫ్ కోర్స్."