కరెంటు పోయినా ఆరని తెర

ఆ శనివారం మహేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఏడున్నర బస్సుకు ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోవడం, ఒక కంప్యూటరు కొనడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం. ఇందులో మనుషుల ప్రాణాలకు సంబంధించింది ఏదీ లేదు.

మహేశ్వర్‌ది సంతపేట సందులో ఫ్లెక్సులు, పెళ్ళిపత్రికలు డిజైను చేసే చిన్న కొట్టు. పుట్టుక నుంచి పెద్దకర్మ దాకా మనిషికి కావలసిన అచ్చుపని అంతా అక్కడ జరిగేది. కొన్నేళ్ళుగా పుట్టినరోజులు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి, పెళ్ళిళ్ళు కర్నూలు కొట్లకు వెళ్ళిపోయాయి, చావులు మాత్రం అతన్ని నమ్ముకుని ఉండిపోయాయి. రోజంతా పోయినవాళ్ళ ముఖాలు సరిదిద్దే మనిషి ముఖం ఎలా ఉండాలో అతని ముఖం అలాగే ఉండేది. దాన్ని సరిదిద్దేవాళ్ళు ఎవరూ లేరు.

అతని పాత కంప్యూటరుకు పన్నెండేళ్ళు. కరెంటు పోతే అదీ పోయేది. కింద ఉన్న బ్యాటరీ పెట్టె రెండు నిమిషాలు కూతపెట్టి ఊరుకునేది. అందుకని కరెంటు పోగానే లేచి, చెప్పులు వేసుకుని, పక్క కొట్టువాళ్ళకు ఒక మాట చెప్పి ఇంటికి పోవడం మహేశ్వర్‌కు అలవాటు. పన్నెండేళ్ళలో ఆ అలవాటు తప్పింది లేదు. పోయిన వారం తెర కుడివైపు సగం నల్లబడింది. సగం ముఖంతో శ్రద్ధాంజలి చేయడం అతని వల్ల కాలేదు.

ఆదోనిలో కొట్టు కుర్రాడు ప్రదీప్ అట్టముక్కల్లాంటి సన్నటి ల్యాప్‌టాప్‌లు వరసగా పరిచి, ఎక్కడెక్కడికి పట్టుకుపోతారని అడిగాడు. ఎక్కడికీ పట్టుకుపోనని, టేబుల్ మీద పెడితే అది పోయేదాకానో తాను పోయేదాకానో అక్కడే ఉండాలని మహేశ్వర్ చెప్పాడు. తెర మాత్రం పెద్దది కావాలి, కళ్ళు మునుపటిలా లేవు, కరెంటు పోయినా పని ఆగకూడదు. ప్రదీప్ లోపలికి వెళ్ళి పదిహేడంగుళాల యంత్రాన్ని రెండు చేతులా మోసుకొచ్చాడు. పేరుకు ల్యాప్‌టాప్ గానీ ఒళ్ళో పెట్టుకునేది కాదన్నాడు. మూడు కిలోల బరువు, ఇటుకంత చార్జరు, పక్కన అంకెల మీటలు విడిగా, వెనక నుంచి వేడిగాలి, కరెంటు లేకుండా రెండు గంటలు. మడత పెట్టిన డెస్క్‌టాప్ అనుకోమన్నాడు.

మూత తెరిస్తే మీటల కింద ఏడు రంగుల దీపాలు పరుగులు పెట్టాయి. ఆటలాడేవాళ్ళకు ఇష్టమట. మహేశ్వర్ కాసేపు దిగులుగా చూశాడు.

"ఈ లైట్లు ఆపు తమ్ముడూ. మాది సావుల పని, బాగుండదు."

ప్రదీప్ ఆపాడు. కదిలించకపోతే తెర దానంతటది ఆరిపోకుండా ఉండాలని కూడా మహేశ్వర్ అడిగాడు. పోయినవాడి పేరు ముందు 'శ్రీ' పెట్టాలా 'కీర్తిశేషులు' పెట్టాలా అని బంధువులు అరగంట వాదించుకుంటారు, అంతసేపూ తెర వెలుగుతూనే ఉండాలి. ప్రదీప్ అదీ సరిచేసి ఇచ్చాడు. బస్సులో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వచ్చేసరికి మహేశ్వర్ కాళ్ళు తిమ్మిరెక్కాయి. కరెంటు పోయినా ఇది పోదని భార్య ప్రేమలతకు మూడుసార్లు, సందులో కనబడ్డవాళ్ళకు ఒక్కోసారి చెప్పాడు. పదిమందికి చెప్పిన మాట తన తలకు ఎక్కిందో లేదో మాత్రం చూసుకోలేదు.

సోమవారం కొట్టు తెరిచాక మొదటి చిక్కు వచ్చింది. పాత తెర వీపు వీధివైపు ఉండేది. కొత్తదాన్ని అలాగే పెడితే వెనక నుంచి వచ్చే వేడిగాలి వచ్చినవాళ్ళ ముఖాన కొడుతోంది. చావింటి నుంచి వచ్చినవాళ్ళకు అది కూడా ఎందుకని, యంత్రాన్ని తిప్పి గోడకు జానెడు ఎడంగా పెట్టాడు. ఇప్పుడు మహేశ్వర్ వీపు వీధికి, తెర ముఖం వీధికి. వచ్చినవాళ్ళు మెట్టు ఎక్కకుండానే డిజైను చూసుకోవచ్చని సంతోషించాడు కూడా.

మొదట వచ్చినవాడు పెద్దయ్య. నలభై ఏళ్ళు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసి, ఇప్పుడు ఈ సందు చివర ఒంటరిగా ఉంటున్న మనిషి. పిల్లల్లేరు. భార్య రామక్క రెండేళ్ళ కిందట పోయింది. ఆమె ఫ్లెక్సు ఆధార్ కార్డు ఫోటోతో ఇక్కడే చేశారు. అందులో రామక్క పోలీసులు పిలిపించిన మనిషిలా ఉందని పెద్దయ్యకు ఇప్పటికీ బాధ. గాలికి చిరిగిపోయేదాకా దాన్ని రోజూ చూశాడు పాపం.

మూటలు మోసి మోసి అతనికి పేగు జారింది. కర్నూలు ఆస్పత్రిలో గురువారం ఆపరేషను. చిన్నదేనని డాక్టరు చెప్పాడు గానీ, డాక్టర్లు అందరికీ అలాగే చెబుతారని పెద్దయ్య నమ్మకం. రక్తసంబంధీకులు ఒకరు వచ్చి సంతకం పెట్టాలన్నారు. అతనికి ఉన్న రక్తసంబంధం ఒక్కడే, సి.బెళగల్‌లో ఉన్న తమ్ముడు గోవిందన్న. ఆరేళ్ళ కిందట గోవిందన్న కూతురి పెళ్ళిపత్రికలో పెదనాన్న పేరును మేనమామ పేరు కింద వేశారు. పెద్దయ్య పెళ్ళికి పోలేదు. తమ్ముడు దానికి మండిపడి, నీ వాకిట్లో అడుగు పెడితే ఒట్టు అన్నాడు. అంతటితో ఇద్దరికీ మాటలు లేవు.

"సంతకం పెట్టేవాడు లేకుంటే కొయ్యరంట," అన్నాడు పెద్దయ్య. "కోసినా బతుకుతానని నాకు నమ్మకం లేదప్పా. ఫోటో అన్నా ఒకటి బాగుండాల గదా."

మహేశ్వర్ పెద్దయ్యను మెట్టు మీద కూర్చోబెట్టి, రుమాలు సరిచేసి, ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాడు. ఒకటి ఎంచి, బుగ్గమీద నీడ తీసేసి, రెండు దీపాలు, బంతిపూల దండ పెట్టి, పైన శ్రద్ధాంజలి అని వేశాడు. తేదీ దగ్గర చుక్కలు వదిలాడు. పెద్దయ్య తన ముఖాన్ని అంత పెద్దగా ఎన్నడూ చూసుకోలేదు.

"ఇంత ముకం ఉందా నాకు," అన్నాడు. తరవాత, "ఎవరికీ సెప్పొద్దు" అన్నాడు.

అచ్చు వేయించాల్సిన రోజు వస్తే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని చెప్పి, పెద్దయ్య ఆదోని బస్సెక్కాడు. యార్డులో తనతో పనిచేసిన మద్దయ్యను బతిమాలి, గురువారం ఒక్కపూట తన తమ్ముడిగా ఉండమని అడగాలని అతని ఆలోచన. ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి, తలుపుకు తాళం వేసి పోయాడు.

పదిన్నరకు కరెంటు పోయింది. ముసురు పట్టిన రోజు, సందంతా మసకబారింది. మహేశ్వర్ లేచాడు, చెప్పులు వేసుకున్నాడు, పక్క కొట్టువాళ్ళకు ఒక మాట చెప్పాడు, ఇంటికి పోయాడు. పన్నెండేళ్ళ అలవాటు మూడు రోజుల యంత్రం మాట వింటుందా? అన్నం తిని పడుకున్నాడు కూడా.

ఫ్యాన్లు ఆగిపోవడంతో సందులో జనమంతా వాకిళ్ళలోకి వచ్చారు. ఆ మసకలో వెలుగుతున్నది ఒక్కటే, మహేశ్వర్ కొట్లో పదిహేడంగుళాల పెద్దయ్య. మొదట చూసింది ఎదురుగా పూలమ్మే హనుమక్క. చుక్కలు వదిలిన తేదీ అంత దూరానికి ఎవరికి కనబడుతుంది? ఆమె పెద్దయ్య ఇంటికి పోయి చూసింది. తాళం. ఎవరో ఫోను చేస్తే అది లోపల మోగి మోగి ఆగింది. నెలగా కర్నూలు ఆస్పత్రికి తిరుగుతున్న సంగతి అందరికీ తెలుసు. శవం ఇంకా అక్కడే ఉంటుందని తేలిపోయింది.

అయినా ఒకమాట అడుగుదామని ఆటో గణేష్ మహేశ్వర్‌కు ఫోను చేశాడు. నిద్రలో ఉన్న మహేశ్వర్, పెద్దయ్యే ఎవరిచేతో అడిగిస్తున్నాడనుకున్నాడు.

"అన్నా, పెద్దయ్య ఫ్లెక్సు అయిందా?"

"అంతా అయింది. తేదీ ఒక్కటి ఏస్తే సాలు."

గణేష్ ఇంకేమీ అడగలేదు. తెరను ఫోటో తీసి తెలిసినవాళ్ళకు పంపాడు. పావుగంటలో అది గూడూరు మీదుగా సి.బెళగల్ చేరింది. సందులో షామియానా లేచింది. డప్పులవాళ్ళకు కబురు పోయింది. రామక్క వైపు బంధువులు ఇద్దరు వచ్చి, రెండేళ్ళలోనే భార్య దగ్గరికి పోయాడని ఏడవడం మొదలుపెట్టారు.

కరెంటు వచ్చాక మహేశ్వర్ కొట్టుకు వచ్చి చూస్తే ల్యాప్‌టాప్‌కు దండ వేసి ఉంది. హనుమక్క పని అది. నీళ్ళు చిలకరించిన పచ్చి బంతిపూల దండ తెర మీద నుంచి మీటల మీదికి కారుతోంది. పక్కన అగరొత్తుల పొగ యంత్రం ఊపిరి పీల్చే చిల్లుల్లోకి నేరుగా పోతోంది. దండ తీస్తుంటే చుట్టూ జనం ఊరుకోలేదు. శవం రాకముందే దండ తీయకూడదన్నారు. ఎవరి శవమని అతను అడిగితే తెర వైపు చూపించారు. పొద్దున అదే మెట్టు మీద కూర్చున్న మనిషి. ఆదోని బస్సెక్కుతానని చెప్పి కర్నూలు పోయాడా, దారిలోనే పోయాడా? ముందే దండ వేసి తానే చేతులారా సాగనంపినట్టు అనిపించి అతనికి నిజంగా ఏడుపొచ్చింది. తాను వెలిగించి పోయిన తెరను చూసి ఊరంతా నమ్మిందని, ఊరిని చూసి తాను నమ్ముతున్నాడని అప్పుడు అతనికి తట్టలేదు.

అందరితో పాటు అతనూ షామియానా కింద నిలబడ్డాడు. మూడింటికి ట్రాక్టరు వచ్చింది. అందులోంచి గోవిందన్న దిగాడు. ఒట్టు పెట్టుకున్న వాకిట్లోకి తూలుతూ వచ్చి, తాళం వేసిన తలుపుకు తల ఆనించాడు.

"పేరు కింద ఏసింది నేను కాదన్నా, నా బామ్మర్ది. నీ కాడికొచ్చి సెప్పాల సెప్పాల అనుకుంటానే ఆరేండ్లు పాయె."

జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆదోని బస్సు దిగి వచ్చిన పెద్దయ్య అప్పటికే వాళ్ళ వెనక నిలబడి ఉన్నాడు. మద్దయ్య రానన్నాడు, దొంగ సంతకానికి జైల్లో వేస్తారని భయపడ్డాడు. ఆ దిగులుతో వచ్చిన పెద్దయ్యకు తన ఇంటి ముందు షామియానా కనబడింది. ఎవరు పోయారని అడగబోయి తమ్ముడి గొంతు విని ఆగిపోయాడు. ఆ గొంతు విని ఆరేళ్ళయింది. ఇంకాసేపు వినాలనే ఉంది అతనికి, కానీ ఉండబట్టలేకపోయాడు.

"మల్ల ఎందుకు రాలేదురా?"

డప్పు ఆగింది. ఒకామె పరుగెత్తి పడింది. గోవిందన్న వెనక్కి తిరిగి అన్నను కింది నుంచి పై దాకా చూశాడు. కౌగిలించుకుంటాడని అందరూ ఎదురుచూశారు. అతని ముఖం మాత్రం ఎర్రబడింది.

"సచ్చినావని వస్తిని," అన్నాడు. "బతికుండావని తెలిస్తే వద్దునా?"

"తెలుసు. వచ్చినావు గదా, బేస్తవారం కర్నూలులో ఒక సంతకం పెట్టి పో."

తప్పెవరిదన్న విచారణ ఆ తరవాత జరిగింది. అందరి చూపులూ మహేశ్వర్ మీదికి తిరిగాయి. "నేను అచ్చెయ్యలా," అన్నాడతను. "కరెంటు పోయింది, నేనూ పోయినా. అది పోలా." దీన్ని ఎవరూ ఒప్పుకోలేదు. గణేష్ చొక్కా చేతులు మడిచాడు. అప్పుడు హనుమక్క అడ్డం వచ్చి, తల మీద కాకి తన్నితే దోషం పోవాలని దొంగ చావుకబురు మనమే పంపడం లేదా, ఏడ్చినవాళ్ళ ఏడుపంతా ఆయుస్సుగా మారుతుందని పెద్దలు చెప్పలేదా అని అడిగింది. ఇంత ఏడుపు పడ్డాక పెద్దయ్యకు ఆపరేషను ఒక లెక్కా అంది. ఆమెది పూల బేరమే అయినా మాట న్యాయంగా ఉందని జనం చల్లబడ్డారు. పెద్దయ్య ముఖంలో నెల రోజుల తరవాత కొంచెం రక్తం కనబడింది.

గురువారం గోవిందన్న కర్నూలు వెళ్ళి సంతకం పెట్టాడు. అన్నతో మాట్లాడలేదు. అన్నను బయటికి తెచ్చేదాకా బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చుని, బతికాడని నర్సు చెప్పగానే బెళగల్ బస్సెక్కాడు. పెద్దయ్య తేరుకుని ఇంటికి వచ్చి, సందులో అందరితో మాట్లాడాడు. తమ్ముడి సంగతి ఎత్తితే మాత్రం వాడు నా చావుకు వచ్చాడు గానీ నా కోసం రాలేదని అనేవాడు. మహేశ్వర్ ల్యాప్‌టాప్‌లో అంకెల మీటలు రెండు పనిచేయడం మానేశాయి. పోయినవాళ్ళ వయసు వేయాలంటే పై వరస వెతుక్కోవాల్సి వస్తోంది.

రెండు నెలల తరవాత ఒక పొద్దున, కొట్టు తెరిచేసరికి గోవిందన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, తలకు రుమాలు. ఫోటో తీయమన్నాడు. ఎందుకని మహేశ్వర్ అడిగాడు.

"నాది గూడా అట్లనే దండ ఏసి పెట్టప్పా. నేను పోతి, ఏడిస్తి, సంతకం పెడితి. వాడు బతికి రెండు నెలలాయె, ఒక్కపారి నా గుమ్మం తొక్కలా. నేను సచ్చినానంటే వస్తాడో రాడో సూస్తా."

మహేశ్వర్ వద్దని చాలా చెప్పాడు. గోవిందన్న వినలేదు. చివరికి ఫోటో తీసి, దీపాలు, దండ పెట్టి తెర మీదికి తెచ్చాడు. గోవిందన్న దాన్ని చూసి తలాడించాడు. ఆ రోజు ఎట్లా జరిగిందో అట్లాగే జరగాలని, వెలుతురులో ఎవరూ తల తిప్పి చూడరని, కరెంటు పోయేదాకా కూర్చుంటానని కొట్టు ముందు బెంచీ మీద చేరాడు. మధ్యాహ్నం ప్రేమలత అన్నం పెడితే అక్కడే తిన్నాడు. సందు చివర పెద్దయ్య ఇంటి తలుపు వైపే చూస్తూ సాయంత్రం బస్సు వేళ దాకా కూర్చున్నాడు.

ఆ రోజు ఎమ్మిగనూరులో కరెంటు పోలేదు.