ఒకే నెల మూడుసార్లు

గొడుగుల కంపెనీలో అందరూ బాబాయి అని పిలిచే లెక్కల గుమస్తా ఆ ఉదయం ఒక చిన్న మోసం చేద్దామన్న పథకంతో ఆఫీసుకు వచ్చాడు. బ్యాంకు ఇకపై స్టేట్‌మెంటును కాగితం మీద ఇవ్వదట. గత నెలది మూడు రకాల ఫైళ్లలో నమూనాకు పంపి, ఏది కావాలో చెప్పమంది.

"ఏది మేలో చూసి సాయంత్రానికల్లా తేల్చేయండి బాబాయ్," అన్నాడు యజమాని.

మేలైనదేదో బాబాయికి తెలుసు. పీడీఎఫ్ అయితే చూసి ఒక్కొక్క పద్దూ కంప్యూటర్లో చేత్తో కొట్టాలి. సీఎస్వీ అయితే వరుసలు సర్ది పెడితే చాలు. ఎక్స్ఎంఎల్‌కి ఆ శ్రమ కూడా లేదు, మీట నొక్కితే నెలంతా దానంతటదే లెక్కల్లోకి ఎక్కేస్తుంది. ఇరవై రెండేళ్లుగా బాబాయి నెలకో వారం కూర్చుని చేసే పని అదే. ఎక్స్ఎంఎల్‌ను మెచ్చుకోవడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. అందుకే పీడీఎఫ్‌ను ఆకాశానికెత్తాలని ఇంటి దగ్గరే తీర్మానించుకున్నాడు.

అయినా పోల్చినట్టు కనిపించాలి కదా. గత నెలది కాగితం చూసి వారం పట్టి కొట్టిన పద్దులు ఎలాగూ ఉన్నాయి, పీడీఎఫ్ అయినా అంతే. అదే నెలను సీఎస్వీ నుంచి ఎక్కించాడు. తర్వాత ఎక్స్ఎంఎల్ మీట నొక్కాడు. అది రెప్పపాటులో అయిపోయేసరికి గుండె జారిపోయి, పాతవి చెరిపే సంగతే మరిచి టీకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి యజమాని తెర ముందు వెలిగిపోతున్నాడు.

"అమ్మకాలు మూడింతలు బాబాయ్! వానలు అలా కురిసినప్పుడే అనుకున్నా. కొత్త కుట్టుమిషన్‌కి ఆర్డరిచ్చేశా. ఆ ఎక్స్ఎంఎల్ చేయి మంచిది, దాన్నే ఖాయం చేద్దాం!"

ఉన్నమాట చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది.

ఈలోగా యజమాని భార్య వచ్చింది. చెక్కుల మీద రెండో సంతకం ఆవిడది. కళ్లజోడు పెట్టుకుని ఖర్చుల వైపు చూసింది.

"ఏమండీ, అద్దె మూడుసార్లు కట్టారేం? బాబాయిగారూ, జీతం మూడుసార్లు తీసుకున్నారా?"

"అయ్యో, ఒక్కసారే తల్లీ! నా పిల్లల మీద ఒట్టు!"

"మరి ఈ క్లబ్బు చందా? మానేశానన్నారుగా?"

యజమాని ముఖం పాలిపోయింది. "అదీ... ఆ ఫైలే తప్పు! ఏదేదో రాసేసింది!"

దొంగ అనిపించుకోవడం కంటే తెలివితక్కువవాడు అనిపించుకోవడమే నయమనుకున్నాడు బాబాయి.

"ఫైళ్ల తప్పేం లేదమ్మా. ఒకే నెలను నేనే మూడుసార్లు ఎక్కించాను. ప్రతిదీ మూడోవంతే నిజం."

"అంటే క్లబ్బుకి ఒక్కసారి కట్టిన మాట నిజమేనన్నమాట," అందావిడ.

యజమాని మిషన్ ఆర్డరు రద్దు చేయడానికి ఫోను పట్టుకుని బయటికి నడిచాడు.

"ఇక ఒక్క ఫైలునీ, ఒక్క మనిషినీ నమ్మను," అందావిడ. "నెలనెలా మూడు రకాలూ తెప్పించండి. బాబాయిగారు మూడూ పక్కపక్కన పెట్టి, పద్దు పద్దూ సరిచూసి నాకు చూపిస్తారు."

అలా బాబాయి ఉద్యోగం నిలిచింది, పని మూడింతలైంది. జీతం మాత్రం ఏ ఫైలులో చూసినా అదే ఒక్కటి.