యాభై ఎనిమిది మార్కుల మహాభాగ్యం

పరీక్ష తప్పినవాళ్లను చూస్తే నాకు జాలి వేయదు. వాళ్ల జీవితం ఎంత హాయి! మళ్లీ రాయాలా, వద్దా అని బుర్ర బద్దలు కొట్టుకునే పనే లేదు. రాయాలి, అంతే. క్లాసులో మొదట వచ్చినవాళ్ల సంగతీ అంతే. పుస్తకాలు అటక మీద పడేసి గుర్రుపెట్టి నిద్రపోతారు. అసలైన అదృష్టవంతులు వేరే ఉన్నారు పాఠకులారా! పాసై కూడా, ఆ పాసు చాలక, అదే పేపరు ఇంకోసారి రాసుకునే వీలున్నవాళ్లు. ఆ వీలుకి యూనివర్సిటీవారు పెట్టిన పేరు ఇంప్రూవ్‌మెంట్.

పాతకాలం వాళ్లకి ఈ భాగ్యం ఎక్కడిది? వచ్చిన మార్కుతోనే జీవితాంతం కాపురం చేశారు పాపం. మనకలా కాదు. ఉన్న మార్కుని ఉంచుకోవచ్చు, వదులుకోవచ్చు, ఏదీ తేల్చుకోలేక నెలంతా నిద్ర మానుకోవచ్చు. స్వేచ్ఛ అంటే ఇంకేమిటండీ?

ఈ ఏడు ఆ స్వేచ్ఛ మా మేనకోడలికి దక్కింది. ప్రాబబిలిటీ పేపర్లో దానికి యాభై ఎనిమిది వచ్చాయి. వాతావరణ శాస్త్రంలో పై చదువు సీటుకి ఆ పేపర్లో అరవై ఉండాలి. ఆరేళ్ల వయసు నుంచి డాబా మీద డబ్బా పెట్టి, స్కేలు ముంచి, ఎంత వాన పడిందో గోడ మీద రాసుకున్న పిల్ల అది. దానికి ఆ సీటు తప్ప ఇంకొకటి ఊహలో కూడా లేదు.

అలాగని చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. ఒక విత్తనాల కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. వాళ్లు అడిగింది యాభై ఐదే. అంటే మా పిల్ల మార్కు సీటుకి రెండు తక్కువ, ఉద్యోగానికి మూడు ఎక్కువ.

ఇక రూలు వినండి. ఇంప్రూవ్‌మెంటులో ఎంత వస్తే అంతే. పాత మార్కు రద్దు! రెండోసారి యాభై నాలుగు వచ్చాయనుకోండి, సీటూ లేదు, ఉద్యోగమూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి. దీన్ని మీరు కష్టమంటారేమో, నేను మాత్రం వరమంటాను.

ఎందుకంటారా? మొదటి లాభం, కుటుంబ ఐక్యత. మా అక్క టైలరు, మా బావ లిఫ్టు మెకానిక్కు. ఆవిడ షాపు మూసి వచ్చేసరికి ఆయన ఎక్కడో ఎనిమిదో అంతస్తు దగ్గర ఇరుక్కుపోయిన లిఫ్టులోంచి ఎవరినో బయటికి లాగుతుంటాడు. ఇద్దరూ కలిసి అన్నం తిని ఎన్నాళ్లయిందో వాళ్లకే గుర్తులేదు. యాభై ఎనిమిది వచ్చిన రోజు నుంచీ ప్రతి పూటా ఒకే బల్ల దగ్గర, ఎదురెదురుగా, గొంతులు చించుకుంటూ తింటున్నారు!

"విప్పి మళ్లీ కుడితేనే ఫిట్టింగ్ కుదురుతుంది. రాయాల్సిందే" అంది అక్క.

"నడుస్తున్న లిఫ్టుని ఎవడైనా విప్పుతాడా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. వద్దంటే వద్దు" అన్నాడు బావ.

"ఇంతకీ పిల్ల పాసైందా, లేదా?" అంది బావ వాళ్లమ్మ.

"పాసే అత్తయ్యా."

"మరి ఈ ఏడుపులేమిటే నా తల్లీ!"

రెండో లాభం, ఇరుగు పొరుగుతో సత్సంబంధాలు. పక్కింటి పళ్ల డాక్టరు మాతో రెండేళ్లుగా మాట్లాడడు, నీళ్ల మోటారు దగ్గర ఏదో మాట పట్టింపు వచ్చి. ఆయన కూడా ఈ విషయంలో తన క్లినిక్కులో ప్రజాభిప్రాయం సేకరించాడట. నోరు తెరుచుకుని, బుగ్గలో దూది పెట్టుకుని, ఊఁ అనడం తప్ప గత్యంతరం లేని మనుషుల్ని అడిగాడు. అందరూ ఊఁ అన్నారు. కాబట్టి రాయమని కబురు పంపాడు.

నా సంగతా? రాయమనే చెప్పాను. నాదేం పోయింది చెప్పండి!

మూడో లాభం మరీ గొప్పది. ఈ చర్చలు తొమ్మిది రోజులు నడిచాయి. ఆ తొమ్మిది రోజుల్లో ప్రాబబిలిటీ పుస్తకాన్ని ఇంట్లో ఒక్కరూ తెరవలేదు. చదువుకోకుండానే ఇంతమందిని ఇంత తీరిక లేకుండా చేసే చదువు ఇంకెక్కడైనా ఉందా?

పదో రోజున మా మేనకోడలు అందరికీ దండం పెట్టి యూనివర్సిటీకి పోయింది. పరీక్షల విభాగం నోటీసు బోర్డు మీద పాత ఫలితాల కాగితాలు ఒకదాని మీద ఒకటి గుచ్చి ఉంటాయి, చించే ఓపిక ఎవరికీ లేక. పైవి ఎత్తి కిందివి చూస్తూ, యాభై ఐదుకీ అరవైకీ మధ్య మార్కులుండి మళ్లీ రాసినవాళ్లను నలభై మందిని ఏరింది. పన్నెండు మంది అరవై దాటారు. పదమూడు మంది ఉన్నచోటే ఉన్నారు. పదిహేను మంది యాభై ఐదు కిందికి జారారు. గెలిచేవాళ్లకంటే మునిగేవాళ్లే ఎక్కువ. పట్టిక గీసి, లెక్క వేసి, కింద గీత కొట్టింది: రాయకూడదు.

"నీకు ఆ సీటంటే ఎంత ఇష్టమో ఇందులో ఏ గడిలో వేశావే?" అని అడిగాను.

"దానికి గడి లేదు మామయ్యా" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. ఆ క్షణంలో మాత్రం నాకు వేళాకోళం నోటికి రాలేదు.

మర్నాడు, ఆ పాఠం చెప్పేదీ, ఆ పేపరు తయారుచేసేదీ ఒకరే అయిన లెక్చరరుగారి దగ్గరికి వెళ్లాం. ఇంప్రూవ్‌మెంట్ ఫారం మీద ఆయన సంతకం పడితే రాస్తున్నట్టు లెక్క. రాయడం లేదని చెప్పి, పేరూ నంబరూ వేసి వాళ్లిచ్చిన ఆ ఫారం తిరిగి ఇచ్చేయడానికే వెళ్లాం. నేను గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది.

మంచి మనిషే. మా పిల్ల ఫారం బల్ల మీద పెట్టి, ఎందుకు రాయడం లేదో చెప్పడానికి పట్టిక చూపించగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"భలే వేశావమ్మా లెక్క! ఎక్కడా తప్పు లేదు. ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మీ క్లాసులోనే సార్."

"మరి యాభై ఎనిమిదేమిటి?"

"పరీక్షలో లెక్కలు అడగలేదు కదా సార్. నిర్వచనాలు అడిగారు."

ఆయన మళ్లీ మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టాడు. పట్టిక వైపే చూస్తూ ఉండిపోయాడు. అయితే ఆయన చేతికి ముప్ఫై ఏళ్ల అలవాటు ఒకటి ఉంది. ముందున్న కాగితం ఏదైనా సరే, యజమాని ఎటు చూస్తున్నా సరే, సంతకం పెట్టేస్తుంది. హాజరు పట్టీలు, సెలవు చీటీలు, వాటి మధ్యలో మా ఫారమూ. ఆయన పట్టికలోని పదిహేను దగ్గర వేలు పెట్టి ఆలోచిస్తుండగానే అటెండరు వచ్చి కాగితాలన్నీ సర్దుకుని ఆఫీసుకి పట్టుకుపోయాడు.

వెంటనే పరిగెత్తాం. ఆయన కూడా చెప్పులు చేతబట్టుకుని మాతోపాటు మూడంతస్తులు దిగాడు.

"లోపలికి వచ్చిన ఫారం బయటికి పోదండీ" అంది గుమస్తా. "పరీక్షకి రాకపోతే సున్నా వేస్తాం."

మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదే! అక్క మాత్రం దేవుడే సంతకం పెట్టించాడని సంబరపడింది. బావ ఆ రోజు అన్నం బల్ల దగ్గరికే రాలేదు.

ఇక పిల్ల చేసేదేముంది? ఇరవై రోజులు తలుపేసుకుని పద్నాలుగు నిర్వచనాలు కామాలతో సహా కంఠతా పట్టింది. నిద్రలో కూడా "అనగా" అంటూ లేచేది. పోయినసారి పేపరు వచ్చిందీ, అంతకు ముందు పదేళ్ల పేపర్లు వచ్చిందీ అలాగే కదా.

పరీక్ష హాల్లో పేపరు తెరిచింది. నిర్వచనాలు ఒక్కటీ లేవు! అన్నీ లెక్కలే. అన్నిటికంటే ఎక్కువ మార్కుల ప్రశ్న చివర్లో ఉంది: "ఒక విద్యార్థికి ఒక పేపర్లో యాభై ఎనిమిది మార్కులు వచ్చినవి. అదే పరిస్థితిలో మళ్లీ రాసిన నలభై మంది ఫలితాలు ఈ దిగువ ఇవ్వబడినవి. ఆ విద్యార్థి మళ్లీ పరీక్ష రాయవచ్చునా? లెక్క వేసి నిర్ణయించుము."

మా మేనకోడలు పక్క బెంచీలవాళ్లు తిరిగి చూసేలా నవ్విందట. తర్వాత బుద్ధిగా పట్టిక గీసి, లెక్క వేసి, ఆ విద్యార్థి ఎట్టి పరిస్థితుల్లోనూ పరీక్ష రాయకూడదని రాసి వచ్చింది.

డెబ్భై ఒకటి వచ్చాయి! సీటు ఖాయమైంది. అక్క ఏడ్చింది, బావ ఇంకా గట్టిగా ఏడ్చాడు. బావ వాళ్లమ్మ, పాసైనప్పుడల్లా ఈ ఇంట్లో ఏడుస్తారేమిటని విసుక్కుంది. నాకు మాత్రం వీధిలో పడి గంతులెయ్యాలనిపించింది. చూశారా పాఠకులారా, ఇంప్రూవ్‌మెంటు ఎంత గొప్పదో!

అయితే ఒక్క చిన్న సందేహం. నిన్న తీరిగ్గా కూర్చుని రెండు ప్రశ్నపత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటి పేపరు రాసిన పిల్లే రెండోదీ రాసింది. బుర్ర అదే, పెన్ను అదే. కొత్తగా నేర్చుకున్నవి ఆ పద్నాలుగు నిర్వచనాలు మాత్రమే, అవేమో పనికే రాలేదు. మరి యాభై ఎనిమిది డెబ్భై ఒకటి ఎలా అయింది?

ఇంప్రూవ్ అయింది మా పిల్ల కాదు మహాప్రభో, ప్రశ్నపత్రం! పదేళ్ల క్రితమే దాన్ని ఫెయిల్ చేసి, మళ్లీ రాసుకు రమ్మని పంపాల్సింది.