పావు రోగి

ఆకాశం సున్నపునీళ్లలా తెల్లబారి ఉన్న ఒక మంగళవారం పొద్దున, రాళ్లకుదురులో సున్నపుబట్టీ కూలీ యలమంద పావువంతు క్షయరోగిగా నమోదయ్యాడు.

ఇందులో ఎవరి పొరపాటూ లేదు. జిల్లా కార్యాలయంలో లెక్కలు కట్టే ఆయన ఒకరున్నారు. ఊళ్లో ఇళ్లెన్ని, కిటికీలున్నవెన్ని, మంచానికీ మంచానికీ ఎడమెంత, ఒక దగ్గు ఎన్ని ముక్కులకు చేరుతుంది, మందు మింగినవాడు ఎన్ని వారాలకు అంటించడం మానతాడు, అన్నీ సమీకరణంలో వేసి, ఆ ఏటికి రాళ్లకుదురుకు మూడుంపావు మంది రోగులని తేల్చారు. మొదటి ముగ్గురూ ఉగాది లోపే తేలారు. యలమంద నాలుగోవాడు. మిగిలింది పావే.

మూడేళ్లుగా రాళ్లకుదురులో ఆ లెక్క తప్పలేదు. మండలంలో అలాంటి ఊరు ఇంకోటి లేదు. పంచాయతీ ఆఫీసు గోడకు సున్నం కొట్టించి, 'లెక్క తప్పని ఊరు' అని నీలిరంగుతో రాయించారు. బస్సు దిగినవాళ్లు ముందు అది చదివి, తర్వాత దారి అడుగుతారు.

డాక్టరుగారు యలమంద రొమ్ము మీద సుద్దముక్కతో గీత గీసి, రోగం అంతవరకేనని చెప్పారు. చెమటకు గీత చెరిగితే అతని భార్య సామ్రాజ్యం మళ్లీ దిద్దేది. ఆశా కార్యకర్త దీనమ్మ రోజూ వచ్చి, మాత్రను అడకత్తెరతో నాలుగు ముక్కలు చేసి, ఒకటి అతని అరచేతిలో పెట్టేది. మిగతా మూడూ చీటీ రాసి వెనక్కి పంపేది. మూడో నెలకు గీతకు రెండు పక్కలా ఎముకలు తేలాయి.

"దీనమ్మక్కా, ముక్క సరిపోటల్లేదే. దుప్పటి పిండితే చెమట కారతంది," అంది సామ్రాజ్యం.

"నిండు రోగికి నిండు మాత్ర. ఈయనకి నిండుది ఇచ్చాననుకో, ముప్పావు మంచిమనిషికి మందు మింగించానంటారు. నా పని పోద్ది."

"అయితే ఆయన్నీ నిండు రోగి కిందే రాయి."

"నేనెవర్తినే రాయటానికి? నాలుగైతే ఊరి లెక్క తప్పుద్ది. పంచాయతీలో అడుగు."

సామ్రాజ్యం అర్జీ పెట్టింది. ప్రెసిడెంటు చినసుబ్బయ్య దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఏరా యలమందా, నీ ఇష్టం. నువ్వు ఊఁ అంటే నాలుగని రాయిస్తా. గోడ మీదది నేనే చెరిపేస్తా," అన్నాడు. ఆ మాటలో కోపమేమీ లేదు.

యలమంద బయటికొచ్చి గోడ చూశాడు. ఆ సున్నం కాల్చింది అతనే. ఇరవై ఏళ్లు బట్టీలో పనిచేసినా అతని పేరు ఎక్కడా రాయలేదు. ఈ లెక్కలో మాత్రం చివరి అంకె తనది. మళ్లీ లోపలికి వెళ్లాడు.

"ఉండనియ్యి బాబాయ్. ఆ పావూ నేనే గదా," అన్నాడు.

"చస్తే పావే చస్తావేంది?" అంది సామ్రాజ్యం, అందరి ముందూ.

గుమస్తా రోగుల ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ గడి ఇందులో లేదమ్మా," అన్నాడు.

ఏడాది చివర, జిల్లా కార్యాలయంలో లెక్కలు కట్టిన ఆయన ఊరు చూడటానికి వచ్చారు. తన సమీకరణం నడిచి తిరుగుతుంటే చూడాలని ముచ్చటపడ్డారట. బడి వరండాలో బంతి వేశారు. వంకాయ కూర, పప్పుచారు, పరమాన్నం. ఆయన పక్కన యలమందను, యలమంద పక్కన సామ్రాజ్యాన్ని కూర్చోబెట్టారు.

"పాయింట్ రెండు ఐదు మీరేనా?" అని అడిగారాయన.

"నేనేనండి," అన్నాడు యలమంద, నిటారుగా కూర్చుని. అది విని ఊరంతా నిటారుగా కూర్చుంది.

పప్పుచారులో మిరపకాయ ఘాటెక్కింది. ఒక్కొక్కరి గొంతులో గరగర మొదలైంది. ఎవరూ దగ్గలేదు. ప్రెసిడెంటు నీళ్లు తాగాడు. దీనమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యలమంద కళ్లు ఎర్రబడ్డాయి గాని పెదవి విడలేదు. సామ్రాజ్యం గొంతులో నెల రోజులుగా ఏదో కదులుతోంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఊళ్లో అంకె మిగల్లేదు. దాన్ని ముద్దతో కిందికి నెట్టి, తన పరమాన్నం భర్త విస్తట్లోకి వంచింది. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందోనని ఎవరూ మాట్లాడకుండా, రెండొందల మందీ ఆఖరి మెతుకు దాకా తిన్నారు.