ఊడి వచ్చే మెమరీ

రెండో శనివారం పొద్దున్నే బాలశౌరి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్టెల్లా పటమట రైతుబజారుకు వెళ్లి కూరగాయల సంచీతో తిరిగొచ్చేలోపు తన ఆటల మిషన్‌ను విప్పాలి, అందులోని పాత మెమరీ తీసి కొత్తది పెట్టాలి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మూసేయాలి. అంతే. ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటుకి ఒక పని మొదలుపెట్టిన రోజే పూర్తి చేయాలన్న కోరిక పుట్టడం అసలు అపశకునం. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

మిషన్ అంటే రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే చిన్న కంప్యూటర్. మధ్యలో తెర, రెండు పక్కలా బొటనవేళ్లతో తిప్పే మీటలు. దాన్ని ఎంచుకోవడానికి ఆయన పడిన శ్రమ పెళ్లికూతుర్ని ఎంచుకోవడానికి కూడా పడలేదు. ఇలాంటివాటిలో చాలా వరకు మెమరీని బోర్డుకే అతికించేస్తారు. కొన్నప్పుడు ఎంత ఉందో చచ్చేదాకా అంతే, పాడైతే మొత్తం బోర్డు చెత్తబుట్టకే. బాలశౌరి కొన్నది అలాంటిది కాదు. మెమరీ, బ్యాటరీ, మీటలు దేనికదే విడిగా ఊడి వస్తాయి, మామూలు స్క్రూడ్రైవర్ చాలు. ఈ సంగతి ఆయన ఆఫీసులో చెప్పాడు, కాలనీలో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు. విన్నవాళ్లందరూ టైమెంతయిందని అడిగారు.

అందరికంటే ఎక్కువగా విన్నవాడు స్టెల్లా తమ్ముడు బెన్నీ. పాపం, వాడు సన్నగా నాజూగ్గా ఉన్న అతికింపు మెమరీ మిషన్ కొనుక్కున్నాడు.

"అది వస్తువు కాదురా, సీలేసిన డబ్బా," అనేవాడు బాలశౌరి. "విప్పుకునే హక్కు లేనిది మనదెలా అవుతుంది?"

"ఆడుకోడానికి కొన్నా బావా, విప్పుకోడానికి కాదు," అనేవాడు బెన్నీ తెర మీంచి తలెత్తకుండా.

వాడి అజ్ఞానానికి బాలశౌరి జాలిపడేవాడు. ఈలోగా బెన్నీ ఉన్న ఆటలన్నీ ఆడేశాడు. బాలశౌరి మాత్రం మిషన్ విప్పే వీడియోలన్నీ చూసేశాడు.

చిక్కల్లా స్టెల్లాతోనే. హక్కుల విషయంలో బాలశౌరికున్న పట్టుదల మూసే విషయంలో ఉండదు. ఇంట్లో మిక్సీని విప్పాడు, అది వానాకాలం నుంచీ మూడు పాలిథిన్ సంచుల్లో అటక మీద విశ్రాంతి తీసుకుంటోంది. ఫ్యాను రెగ్యులేటర్ విప్పాడు, అప్పట్నుంచీ ఆ ఫ్యానుకి తెలిసింది ఒక్కటే వేగం. చివరికి ఆవిడ కుట్టుమిషన్ మీద చెయ్యి వేసిన రోజున స్టెల్లా అరవలేదు, మెల్లగా మాట్లాడింది.

"ఏవండీ, ఈ ఇంట్లో ఇంకొక్క వస్తువు విప్పారో, ఆ ఆటల పెట్టె బెన్నీకిచ్చేస్తా. గుణదల మాత మీద ఒట్టు."

గుణదల మేరీమాత కొండ కింద కాపురం ఉండేవాళ్లకు ఆ ఒట్టు సుప్రీంకోర్టు తీర్పుతో సమానం, పైన అప్పీలు లేదు.

అయినా కొత్త ఆట వచ్చింది, పాత మెమరీ దానికి చాలక బొమ్మ అడుగడుగునా ఆగిపోతోంది. స్టెల్లా మెట్లు దిగిన చప్పుడు వినగానే బాలశౌరి పని మొదలుపెట్టాడు. ఊడదీసిన స్క్రూలు కలిసిపోకుండా వేరువేరు గిన్నెల్లో పెట్టుకోవాలని వీడియోల్లో చెప్పారు. వంటింట్లో చూస్తే ఇడ్లీ రేకు కనిపించింది. అబ్బ, ఎంత చక్కటి ఏర్పాటు! పై మూత స్క్రూలు ఒక గుంటలో, బ్యాటరీవి ఒక గుంటలో, మెమరీ మీది రేకువి ఇంకో గుంటలో. ఇడ్లీ రేకు కనిపెట్టిన మహానుభావుడు రిపేరు పనివాడే అయ్యుంటాడని బాలశౌరి తీర్మానించాడు. పాత మెమరీ తీశాడు. కొత్తది చేతిలోకి తీసుకున్నాడు. కాలింగ్ బెల్ మోగింది.

కిటికీలోంచి చూస్తే తలుపు బయట మామగారు శౌరయ్య, అత్తగారు ఎలిజబెత్, వాళ్ల వెనక బెన్నీ. సాయంత్రం కొండకి వెళ్లడానికి రావాల్సినవాళ్లు ఉయ్యూరు నుంచి మొదటి బస్సుకే దిగిపోయారు. బాలశౌరి రేకులోని స్క్రూలన్నీ చొక్కా జేబులోకి వంపుకుని, రేకును వంటింటి గట్టు మీద పడేసి, మిషన్‌ను దిండు కింద దాచి, అప్పుడు తలుపు తీశాడు.

ఎలిజబెత్ చేతిలో స్టీలు క్యాను ఉంది.

"ఇడ్లీ పిండి తెచ్చానమ్మా... అమ్మాయి లేదా? పోన్లే, నేనే పెట్టేస్తా," అంటూ ఆవిడ నేరుగా వంటింట్లోకి నడిచింది. "మా పిల్లకి పిండి రుబ్బుకునే దిక్కు లేకుండా పోయింది కదా," అని గోడతో అన్నది. అటక మీద మిక్సీ ఎందుకుందో ఉయ్యూరులో అందరికీ తెలుసు.

బాలశౌరి మిషన్‌ను తువ్వాల్లో చుట్టుకుని బాత్రూములోకి దూరాడు. కొత్త మెమరీని దాని చోట్లో నొక్కితే టక్కున కూర్చుంది. ఆ చప్పుడు విని ఆయనకు కళ్లు చెమర్చాయి. మూత పెట్టి స్క్రూలు బిగించడం మొదలెట్టాడు. చివర్న ఒక చిల్లు ఖాళీగా మిగిలింది. జేబు తిరగేశాడు. నేల తడిమాడు. తువ్వాలు దులిపాడు. అప్పుడు గుర్తొచ్చింది, హడావిడిలో రేకును వంపాడే గాని గుంటలు చూసుకోలేదు. సరిగ్గా అప్పుడే తలుపు కిందనుంచి ఇడ్లీల ఘుమఘుమ వచ్చింది. ఇడ్లీ వాసనకు వణికిన మనిషి కృష్ణ ఒడ్డున ఆయనకు ముందు ఎవరూ ఉండి ఉండరు.

బయటికొచ్చి చూస్తే శౌరయ్య మూడో ఇడ్లీ తుంచుతున్నాడు. బెన్నీ ఒక చేత్తో ఆడుతూ ఇంకో చేత్తో తింటున్నాడు.

మామూలు మనిషైతే అప్పుడే నిజం చెప్పేస్తాడు. బాలశౌరి కాస్త ఆలోచించాడు. ఒక పక్క మామగారి పేగులు, ఇంకో పక్క బెన్నీ చేతుల్లోకి వెళ్లిపోయే తన మిషన్. రెండూ సున్నితమైనవే. మధ్యేమార్గంగా ఆయన ఒక్క దూకులో వెళ్లి మామగారి ఇడ్లీని వేళ్లతో చిదిమి చూశాడు.

"ఏంటి అల్లుడుగారూ?" అన్నాడు శౌరయ్య.

"ఉడికిందో లేదోనని..."

వంటింటి గుమ్మంలో ఎలిజబెత్ కొయ్యబారిపోయింది. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ ఇడ్లీ ఉడకలేదన్న మగవాడు పుట్టలేదు. బాలశౌరి సర్దుకున్నాడు.

"అదికాదత్తయ్యగారూ, మామయ్యగారి వయసుకి పొద్దున్నే ఇన్నేసి ఇడ్లీలు మంచిది కాదని..."

సర్దుకోవడమంటే ఇదే. ఇప్పుడు ఇంటికొచ్చిన మామగారి ఇడ్లీలు లెక్కపెట్టిన అల్లుడయ్యాడు. శౌరయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చక్కెర ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి ఎవరిచేతా మాటపడని మనిషి.

"ఎలిజబెత్, సంచీ సర్దు. వచ్చిందే తప్పయిపోయింది."

సరిగ్గా అదే సమయానికి స్టెల్లా కూరగాయలతో లోపలికి వచ్చింది. తండ్రి లేచి నిలబడి ఉన్నాడు, తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది, మొగుడు మిగిలిన ఇడ్లీల గిన్నెను గుండెలకు హత్తుకుని గోడవారగా నిలబడ్డాడు.

"ఆ గిన్నె ఇటివ్వండి," అంది స్టెల్లా. "అమ్మ కూడా తినలేదు."

ఇవ్వకూడదు. ఎందుకివ్వకూడదో చెప్పకూడదు. బాలశౌరికి ఒక్కటే దారి కనిపించింది. గిన్నెలో ఉన్న ఎనిమిది ఇడ్లీలూ చట్నీ కూడా లేకుండా, నమలడానికి వ్యవధి లేక గుటుక్కు గుటుక్కున మింగేశాడు. ఇది ఆయన దృష్టిలో త్యాగం. చూసేవాళ్లకు మరోలా కనిపించింది.

"నాన్నా, నీ అల్లుడికి బాగా ఆకలిగా ఉన్నట్టుంది," అన్నాడు బెన్నీ.

ఇంతలో శౌరయ్య గట్టిగా తేన్చి, ఛాతీ రుద్దుకున్నాడు. కోపంలో లేచినందుకు వచ్చిన తేనుపు అది. బాలశౌరికి మాత్రం లోపల స్క్రూ కదిలినట్టే వినిపించింది.

"మామయ్యగారూ, పదండి, ఒక్క ఎక్స్‌రే తీయిద్దాం! అత్తయ్యగారూ మీరూ రండి. బెన్నీ, నువ్వూ."

"నాకెందుకు ఎక్స్‌రే?" అన్నాడు శౌరయ్య.

"ఏమీ లేదు. ఊరికే," అన్నాడు బాలశౌరి, మొహంలో నెత్తురుచుక్క లేకుండా.

ఊరికే ఎక్స్‌రే ఎవరు తీయిస్తారు? ఎలిజబెత్‌కు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. అల్లుడు ఇడ్లీలు లెక్కపెట్టింది పీనాసితనంతో కాదు. ఆయనకు ఏదో తెలుసు. మొన్న మామగారికి రక్తపరీక్ష చేయించింది ఆయనే కదా. డాక్టరు చెప్పిన మాట కడుపులో దాచుకుని పాపం ఎంత నలిగిపోతున్నాడో! ఆవిడ బావురుమంది. ఆటోలో కూర్చున్నాక పామర్రులో ఉన్న మరిదికి, చల్లపల్లిలో ఉన్న ఆడపడుచు తెరేసమ్మకి ఫోన్లు చేసింది. ఏమైందని వాళ్లు అడిగితే, "అల్లుడుగారు చెప్పట్లేదు" అంది. అంతకంటే పెద్ద జబ్బు వైద్యశాస్త్రంలో లేదు.

సూర్యారావుపేటలోని ఆసుపత్రిలో బాలశౌరి డాక్టరమ్మను పక్కకు పిలిచి, గుసగుసగా సంగతి చెప్పాడు. తన పరువు కాపాడమని చేతులు జోడించాడు. దూరం నుంచి ఇది చూసిన శౌరయ్యకు తన పని అయిపోయిందని నమ్మకం కుదిరింది. కుర్చీలో కూలబడి బెన్నీని దగ్గరకు పిలిచాడు.

"మీ బాబాయితో పొలం గట్టు తగాదా ఒదిలేశానని చెప్పరా. పోయేటప్పుడు గట్టెందుకు?"

"ఎక్కడికి పోతావు నాన్నా, ఎక్స్‌రేకేగా?" అన్నాడు బెన్నీ. చేతిలో ఆట ఆపేశాడు. దాన్నిబట్టి పరిస్థితి ఎంత దూరం వచ్చిందో బాలశౌరికి అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచాడు. స్టెల్లా మొహం చూసి మూసేశాడు. ఆవిడ నాన్న భుజం పట్టుకుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది. బాలశౌరికి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. కానీ సిగ్గుకీ నోటికీ మధ్య ఆ మిషన్ అడ్డుగా ఉంది.

శౌరయ్య కడుపులో ఏమీ లేదు. ఎలిజబెత్ కడుపులో ఏమీ లేదు, ఆవిడ అసలు తినలేదు కూడా. బెన్నీలో మూడు ఇడ్లీల నీడ తప్ప మరేమీ కనబడలేదు. ఈలోగా వరండా నిండిపోయింది. తెరేసమ్మ బత్తాయిలతో, పామర్రు తమ్ముడు బ్రెడ్డు పొట్లంతో దిగారు. తమ్ముడు అన్నగారి కాళ్ల దగ్గర కూర్చుని, "గట్టు నీదే అన్నయ్యా," అంటున్నాడు. తెరేసమ్మ జపమాల మొదలుపెట్టింది.

డాక్టరమ్మ బయటికొచ్చి బాలశౌరిని నిలదీసింది.

"ముగ్గురిలోనూ లేదండీ. ఆ వాయిలో మిగతా ఇడ్లీలు ఏమయ్యాయి?"

"నేను తిన్నాను."

"ఎన్ని?"

"ఎనిమిది."

డాక్టరమ్మ ఎక్స్‌రే బల్ల వైపు చెయ్యి చూపించింది. "మరి ముందు పడుకోవలసింది మీరు కదండీ?"

తెర మీద బొమ్మ వచ్చింది. బాలశౌరి పొట్టలో, కాస్త ఎడమపక్కగా, తెల్లగా మెరుస్తూ ఒక చిన్న స్క్రూ. మర చుట్లు కూడా లెక్కపెట్టవచ్చు. కుటుంబమంతా ఆ తెర చుట్టూ మూగింది. జపమాల ఆగింది.

"దానంతట అదే పోతుంది, అరటిపళ్లు తినండి," అంది డాక్టరమ్మ.

అందరికంటే ముందు నోరు విప్పింది స్టెల్లా. "ఇది మిక్సీది కాదు," అంది తెర దగ్గరగా వంగి. "మిక్సీవి ఇంతకంటే పెద్దవి. ఏవండీ, ఏం విప్పారు?"

దొరికిపోయాక బాలశౌరి పొల్లుపోకుండా మొత్తం చెప్పాడు. అంతా విన్నాక శౌరయ్య కుర్చీలోంచి లేచాడు, పదేళ్లు తగ్గినట్టు నిలబడ్డాడు. అల్లుణ్ణి కొడతాడనుకున్నారు. ఆయన తమ్ముడి వైపు తిరిగి, "గట్టు నాదేనన్నావు కదా, తెరేసమ్మ సాక్షి," అన్నాడు. బత్తాయిలు, బ్రెడ్డు పేషెంటుకే చెందుతాయి కాబట్టి అందరూ వాటిని బాలశౌరి ఒళ్లో పెట్టి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక స్టెల్లా మిషన్‌ను బల్ల మీద పెట్టింది. ఒట్టు ఒట్టే. బెన్నీ చెయ్యి చాచాడు. బాలశౌరి చివరి ప్రయత్నంగా ఆవిడ ముందు నిలబడ్డాడు.

"స్టెల్లా, ఇది మిక్సీ లాంటిది కాదే. దీన్ని విప్పుకోడానికే చేశారు. ఎన్నిసార్లు విప్పినా పాడవదు."

"అలాగా? ఏదీ, చూపించండి."

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని ఈ విషయంలో అడిగిన మొదటి ప్రశ్న అది. బాలశౌరి గుండె పొంగింది. మూత తెరిచాడు. "ఇదిగో మెమరీ. ఈ పక్కా ఆ పక్కా ఈ రెండు క్లిప్పులూ నొక్కితే పైకి లేస్తుంది, లాగితే వచ్చేస్తుంది. అది లేకపోతే మిషన్ అసలు లేవదు, తెర నల్లగా ఉంటుంది. మళ్లీ పెడితే మామూలే. చిన్నపిల్లలు కూడా చేయొచ్చు!"

"నేను చేయొచ్చా?"

"నువ్వైతే ఇంకా తేలిక, వేళ్లు సన్నగా ఉంటాయి!"

స్టెల్లా రెండు క్లిప్పులూ నొక్కింది. మెమరీ పైకి లేచింది. లాగింది, వచ్చేసింది. "బావుందండీ," అంటూ దాన్ని రుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగింది. "మిషన్ మీ దగ్గరే ఉంచుకోండి, బెన్నీకి ఎందుకు? ఒట్టు సంగతి మాతతో నేను చెప్పుకుంటా. మిక్సీ మూసిన రోజున దీన్ని అడగండి. ఆ తర్వాత కూడా ఆదివారం మధ్యాహ్నం తీసుకుని, సాయంత్రం చర్చిలో పూజకు వెళ్లేముందు ఇచ్చేయండి."

బెన్నీ తన అతికింపు డబ్బాను కడుపుకు హత్తుకుని మూల కుర్చీలోకి జరిగాడు.

మూడోనాటికి ఈ సంగతి కాలనీ అంతా పాకింది. అపార్టుమెంటు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఊడి వచ్చే రకం ఏ షాపులో దొరుకుతుందో, క్లిప్పు ఎలా నొక్కాలో అడిగి వెళ్లారు. కింద వాటా ఆయన కొత్త ఫోను కొనబోతే, ఆవిడ షాపువాణ్ణి మెమరీ ఊడుతుందా లేదా అని నిలదీసి, ఊడదంటే మొగుణ్ణి వెనక్కి లాక్కొచ్చిందట.

ఇన్నాళ్లకు బాలశౌరి సిద్ధాంతానికి అనుచరులు దొరికారు. అందరూ ఆడవాళ్లే.